ఎంగిలి కుర్చీ

మేదరి అంతయ్య తాను అల్లిన ఏ కుర్చీనైనా కొన్నవాళ్ల చేతికి ఇచ్చే ముందు దాంట్లో ఒకసారి కూర్చుని లేచేవాడు. చూసేవాళ్లకు అది అలసిన మనిషి చేసే పనిలాగే కనిపించేది. కాని ఆసనాల చరిత్రను శ్రద్ధగా పరిశీలించినవారు ఎవరైనా, రాజుల పట్టాభిషేకాల తర్వాత అంత క్రమశిక్షణతో జరిగిన కూర్చోవడం ఇదొక్కటేనని ఒప్పుకోక తప్పదు. ముందు భుజం మీది తువ్వాల తీసి కుర్చీని దులిపేవాడు. కొన్నవాళ్ల వైపు తిరిగి "సూడుండ్రి" అనేవాడు. అప్పుడు కూర్చునేవాడు. వీపు ఆనించి, కుడికి ఒకసారి, ఎడమకు ఒకసారి ఒరిగి, ఇరవై లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టేవాడు. లేచి, దబ్బనంతో సాగిన వైరును గుంజి, చివరి ముడి వేసేవాడు. పట్టాభిషేకంలో రాజుకు లేచి ముడి వేసే బాధ్యత ఉండదు. ఆ మేరకు అంతయ్య పద్ధతే కష్టమైనది.

ఈ పద్ధతి పుట్టుక తెలియాలంటే పంతొమ్మిది వందల అరవై తొమ్మిదికి వెళ్లాలి. ఆ ఏడు మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడని రేడియో చెప్పింది. ఆదిలాబాద్ జిల్లా నస్పూర్‌లో అంతయ్య ప్లాస్టిక్ మీద చేయి పెట్టింది కూడా ఆ ఏడే. దాన్ని రేడియో చెప్పలేదు.

అప్పటిదాకా ఏడు తరాలుగా వాళ్ల ఇంట్లో వెదురే. గంపలు, చాటలు, తడకలు, వడ్లు పోసే గుమ్ములు. కాని పక్కనే శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయిలు తెరిచాక ఊళ్ల నుంచి జనం బాయి పనికి వచ్చారు. గుమ్మి కొనాలంటే పోసుకోవడానికి వడ్లుండాలి. బాయి పనివాడికి ఉన్నది నెల జీతం, రెండు గదుల క్వార్టరు. వాడికి కావాల్సింది సాయంత్రం పూట క్వార్టరు ముందు వేసుకోవడానికి ఒక కుర్చీ. ఊళ్లో ఉన్నన్నాళ్లు కుర్చీ దొరది. ఇక్కడ నలుగురూ చూసేలా తానూ వేసుకోవచ్చు. అంతయ్య మంచిర్యాల బజారుకు వెళ్లి ఎర్ర ప్లాస్టిక్ వైరు కట్ట ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు.

"గిదేం తీగ? ఏ అడివిల మొలుస్తది?" అని అడిగింది భార్య యాదవ్వ.

"మొలువదే. కార్ఖానల వోస్తరట."

"ఎర్రగున్నది. పండిందా, ఇంక పచ్చిదేనా?"

ఆ ప్రశ్న ఎంత లోతైనదో అంతయ్యకు ఇంకో నెలకు గాని తెలియలేదు.

ఆ రోజుల్లోనే సముద్రాల అవతల గొప్ప గొప్ప నిపుణులు ప్లాస్టిక్‌ను కరిగించి, అచ్చులో పోసి, కాళ్లూ వీపూ చేతులూ ఒకే ముక్కగా కుర్చీలు తీస్తున్నారు. వాటి ఫొటోలు నున్నటి కాగితాల పుస్తకాల్లో పడ్డాయి. కొన్ని ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి, ఎవరూ కూర్చోకుండా చుట్టూ తాడు కట్టి మరీ. అంతయ్యకు వాళ్ల సంగతి తెలియదు, వాళ్లకు అంతయ్య సంగతి తెలియదు. అజ్ఞానం ఇరువైపులా సమానం గనుక ఎవరికీ చిన్నతనం లేదు. తేడా ఒక్కటే. వాళ్లు ప్లాస్టిక్‌తో ఎన్నడూ లేని రూపం తీశారు. అంతయ్య దానికి వెదురు బుద్ధులు నేర్పాడు. చాట అల్లే అల్లికనే, గంప అంచు తిప్పే మెలికనే తెచ్చి ఇనుప చట్రం మీదికి ఎక్కించాడు.

మొదటి కుర్చీని బాయిలో పనిచేసే కొండల్ కొన్నాడు. అతని చెల్లెలిని చూడటానికి మగపెళ్లివారు వస్తున్నారు. అంతయ్య అల్లి, చేత్తో తట్టి చూసి ఇచ్చేశాడు. మర్నాడు పెళ్లికొడుకు మేనమామ, మంచి కండ పట్టిన మనిషి, దాంట్లో కూర్చుని చాయ్ అందుకున్నాడు. కొత్త వైరు బరువుకు సాగుతుందని అప్పటికి నస్పూర్‌లో ఎవరికీ తెలియదు. ఒక్కో గుక్కకు ఆయన ఒక్కో అంగుళం దిగాడు. చాయ్ అయిపోయేసరికి మోకాళ్లు గడ్డానికి ఆనాయి. ఇద్దరు చెరో చెయ్యి పట్టి లాగితే కుర్చీతో సహా లేచాడు. అందరూ నవ్వారు, ఆయనా నవ్వాడు, ఆ నవ్వులోనే సంబంధం ఖాయమైంది. కాని అంతయ్యకు 'ముంచుడు కుర్చీల అంతయ్య' అన్న పేరు కూడా ఖాయమైంది.

"పచ్చిదే అన్న గదా," అంది యాదవ్వ.

ఆ రోజు అంతయ్య ఒట్టు పెట్టుకున్నాడు. తాను కూర్చుని, లేచి, బిగించని కుర్చీ ఇంకొకరి ఇంటికి పోదు. అది కూడా చాటుగా కాదు, కొన్నవాళ్ల కళ్ల ముందే. తొమ్మిదేళ్లలో శ్రీరాంపూర్ క్వార్టర్లలో అతని కుర్చీ లేని గుమ్మం లేకుండా పోయింది. పాత పేరు పోయి 'కూసోని ఇచ్చే అంతయ్య' అన్న పేరు వచ్చింది. మనిషికి బిరుదు మారడం కన్నా కష్టమైనది ఈ లోకంలో లేదు. అంతయ్య దాన్ని కూర్చుని సాధించాడు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో గోదావరి అవతల, కరీంనగర్ జిల్లా వైపు కోటలాంటి ఒక దొరల గడి నుంచి కబురు వచ్చింది. దొరసాని రుక్మాబాయికి అరవై దాటాయి. మోకాళ్లు వంగడం మానేశాయి. ఆమె పొద్దున మూడు గంటలు మడిగట్టుకుని పూజలో కూర్చునే మనిషి. చెక్క పీట మీద కూర్చుంటే లేవలేదు. నవారు కుర్చీ ఎత్తుగానే ఉంటుంది గాని నూలు మడికి పనికిరాదు. రోజూ తడపాలి, రోజూ ఆరాలి. కొడుకు చొక్కారావు మంచిర్యాలలో వైరు కుర్చీ చూసి, తల్లికి ఇదే దారి అనుకున్నాడు. అయితే ప్లాస్టిక్ మడికి వస్తుందా రాదా అన్నది తేల్చాలి. అందుకు పురోహితుడు లక్ష్మీరాజం పంతులును పిలిపించారు, అంతయ్యను వైరు ముక్క తెమ్మన్నారు.

పంతులు వైరును వంచి చూశాడు, వాసన చూశాడు. "కట్టె గాదు. ఇత్తడి గాదు. నూలు గాదు, పట్టు గాదు. శాస్త్రంల దీని ఊసే లేదు," అన్నాడు.

హైదరాబాదులో బీయెస్సీ చదివిన చొక్కారావు కలగజేసుకున్నాడు. "కిరసనాయిలు పుట్టేకాడ్నే ఇది పుడ్తది పంతులూ. భూమిలకెంచి తీసే నూనె."

"నూనేనా?"

"నూనే."

పంతులు ముఖం వికసించింది. "మరి ముందుగాల జెప్పరేంది? నీళ్లల్ల వండినదానికి అంటు, నూనెల వండినదానికి లేదు. గారెలకు లేని అంటు దీనికెట్లొస్తది?"

"అంటే కుర్చీ గారె అసొంటిదా?" అంది రుక్మాబాయి.

"గారె అసొంటిదే దొరసానీ. ఓ చెంబు నీళ్లు వోసుకుంటే మడి."

రసాయన శాస్త్రం ఇంత తక్కువ సమయంలో ఇంత మేలు చేసిన సందర్భాలు అరుదు. అంతయ్య నస్పూర్ తిరిగి వచ్చి పని మొదలుపెట్టాడు. అంత ఆలోచించి ముందెన్నడూ అల్లలేదు. దొరసాని పాదాలు నేలకు ఆనాలి గనుక చట్రం నాలుగు వేళ్లు తగ్గించాడు. చేతులు ఊని లేవాలి గనుక చేతులను ముందుకు పొడిగించాడు. పోసిన నీళ్లు నిలవకుండా కిందికి జారాలని జల్లెడ అల్లిక పట్టాడు. తులసాకు రంగు వైరు, అంచుకు తెలుపు. పూర్తయ్యాక నాలుగు వైపులా తిరిగి చూసి, యాదవ్వను పిలిచి చూపించాడు. ఆమె చాలాసేపు చూసి "మా అవ్వకు గూడ ఒకటి చెయ్యి," అంది. యాదవ్వ నోట అది మెచ్చుకోలు.

గోదావరి మోకాలిలోతే ఉంది. కుర్చీని నెత్తి మీద బోర్లించుకుని నది దాటాడు. నడుమ ఇసుకమేటలో కాళ్లు కాలితే, కుర్చీని నెత్తిన గొడుగులా పట్టుకుని ఇసుకలోనే కాసేపు చతికిలబడ్డాడు. దాంట్లో మాత్రం కూర్చోలేదు. కొన్నవాళ్ల ముందే కూర్చోవాలి.

గడి వాకిట్లో కుర్చీ దించి, తువ్వాలతో దులిపి, "సూడు దొరసానీ," అంటూ వంగాడు.

"ఆగు," అంది రుక్మాబాయి. "ఏం జేస్తున్నవురా?"

"కూసుంటున్న."

"నా కుర్చీల నువ్వెందుకు కూసుంటవు?"

"నేను కూసోకుంటే అది కుర్చీ గాదు దొరసానీ. ఒట్టి అల్లికనే. బరువు పడితె సాగుతది, సాగినంక గుంజాలె. గుంజకుంటె పది దినాల్ల మునుగుతది."

"దేవుని ముందట కూసునే కుర్చీ. ఒకలు కూసోని లేసిన ఎంగిలి కుర్చీల నేను కూసోను."

అన్నానికి, నీళ్లకు, ముంతకు ఎంగిలి ఉందని లోకానికి తెలుసు. కుర్చీకి ఎంగిలి ఉంటుందని ఆ రోజు దాకా ఎవరూ అనలేదు.

"కుండ కొనేటప్పుడు కొట్టి సూడమా? అది ఎంగిలైతదా?"

"చెయ్యి వేరు, పిర్రలు వేరు."

"కూరల ఉప్పు సూసినట్టనుకో దొరసానీ."

"నైవేద్యంల ఉప్పు సూడం," అంది రుక్మాబాయి. వాదంలో ఆమెను గెలిచినవాళ్లు గడిలో లేరు. అత్తగారు ప్రయత్నించి పోయింది.

అంతయ్య కుర్చీ వైపు చూశాడు. తన చేతుల్లో అంతకన్నా మంచిది రాలేదు, రాదు. అక్కడే వదిలి వెళ్తే ఎవరూ తప్పనరు. ఆమె కోరిందే ఇచ్చినట్టు. కాని పది దినాల్లో అది మునిగితే, దేవుని ముందట దొరసాని మోకాళ్లు గడ్డానికి ఆనితే, నది ఈవలా ఆవలా పాత బిరుదే తిరిగి వస్తుంది. దానికన్నా పెద్ద సంగతి, ఒట్టు పోతుంది.

"అయితే ఇది నీకు పనికి రాదు దొరసానీ," అన్నాడు మెల్లగా, కుర్చీని మళ్లీ నెత్తికి ఎత్తుకున్నాడు.

చొక్కారావు గుమ్మం దాకా వెంట వచ్చాడు. "అంతయ్యా, ఓ బియ్యం బస్తా పెట్టి సూసుకోరాదు? పరేషాన్ జెయ్యకు."

"బస్తా కూసుంటది దొరా, లేవది. ఇటు ఒరుగది, అటు ఒరుగది. కుర్చీకి కూసునుడు ఒక్కటే తెలిస్తె సాలదు, లేసుడు గూడ తెల్వాలె."

గడి నుంచి ఒక మేదరి, అడిగిన వస్తువు ఇవ్వకుండా తిరిగి తీసుకుపోవడం ఊళ్లో అదే మొదలు. నది దాటేదాకా అంతయ్య వెనక్కి చూడలేదు. ఇంట్లో కుర్చీని దూలానికి వేలాడదీశాడు, పొరపాటున కూడా ఎవరూ కూర్చోకుండా.

"మంచిగున్నది," అంది యాదవ్వ పైకి చూస్తూ. "మనకు గబ్బిలం దొరికింది. కూసోని సూసుకుంటనని ఆ ముసలవ్వ తోని పంతమెందుకయ్యా? పెద్దింటి మనిషి."

"పెద్దిల్లయితె వైరు సాగదా?"

"నువ్వు సాగవు. గదే ఫికర్."

పది దినాలు గడిచాయి. అవతల రుక్మాబాయి పీట మీదే కూర్చుంటోంది. లేవడానికి ఇద్దరు పట్టాల్సి వస్తోంది, పట్టినవాళ్లు మడిలో ఉండాలి గనుక వాళ్లూ పొద్దున్నే నీళ్లు పోసుకుంటున్నారు. మూడో దినానికే వాళ్లకు జలుబు పట్టింది. చివరికి పంతులే దారి కనిపెట్టాడు. కుర్చీకి మైల లేదు; చిక్కల్లా కూర్చునే మనిషితోనే గనుక, ఆ మనిషికే మడి కట్టిస్తే సరి. మడిలో ఉన్నవాడు తాకింది ఎంగిలి కాదు. అంతయ్య గోదావరిలో మునిగి, తడి ధోతితో, వాకిట్లో కూర్చోవాలి.

రుక్మాబాయి ఒక పూటంతా ఆలోచించి, "రమ్మనుండ్రి," అంది.

అంతయ్య వచ్చాడు. గోదావరిలో మూడు మునకలు వేసి, నీళ్లు కారే ధోతితో, కుర్చీ నెత్తిన పెట్టుకుని గడి వాకిట్లోకి నడిచాడు. పంతులు కుర్చీ మీద ఒక చెంబు, అంతయ్య మీద ఒక చెంబు నీళ్లు పోశాడు. అంతయ్య దులపడానికి తువ్వాల లేదు గనుక చేత్తోనే తుడిచి, "సూడు దొరసానీ," అని కూర్చున్నాడు.

ఆ వాకిట్లో మేదరివాళ్లు తరతరాలుగా నిలబడ్డారు, గొంతుక్కూర్చున్నారు, గుమ్మికి కొలతలు తీసుకుంటూ వంగారు. కుర్చీలో కూర్చున్న దాఖలా లేదు. పైగా రుక్మాబాయి మడిలో ఉండి, తనకు కూర్చోవడానికి వేరే ఆసనం లేక, స్తంభం పట్టుకుని నిలబడింది. తల్లి నిలబడిందని చొక్కారావూ నిలబడ్డాడు. దొర నిలబడ్డాడని మిగతా అందరూ నిలబడ్డారు. ఇలా గడి మొత్తం నిలబడి ఉండగా అంతయ్య ఒక్కడే కూర్చుని, కుడికి ఒరిగి, ఎడమకు ఒరిగి, ఇరవై లెక్కపెట్టాడు. ఇరవైలో ఒక్క అంకె కూడా దాటేయలేదు.

లేచి, దబ్బనంతో గుంజి, ముడి వేయబోతుంటే రుక్మాబాయి ముందుకు వంగింది. "కుడి మూలకు జర దిగింది సూడు."

అంతయ్య చూశాడు. వెంట్రుకవాసి దిగింది. తొమ్మిదేళ్లలో కొన్నవాళ్లెవరూ దాన్ని పట్టుకోలేదు. "దిగింది దొరసానీ," అన్నాడు గౌరవంగా.

"మల్ల కూసో."

మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ గుంజాడు. ఈసారి వీపు దగ్గర ఆమెకు అనుమానం వచ్చింది. మళ్లీ కూర్చున్నాడు. ఎండకు ధోతి ఆరుతోంది; ఆరితే మడి పోతుందని పంతులు ప్రతిసారీ ఇంకో చెంబు తెచ్చి అంతయ్య నెత్తిన పోస్తున్నాడు. వాకిలి ఊడ్చే కొమురవ్వ పక్కదానితో అంది, "శెంబులకు శెంబులు వోస్తుండ్రు. మన అంతయ్యకు పట్టాభిషేకమైతాందే."

మొత్తం పదకొండుసార్లు కూర్చున్నాడు. పన్నెండోసారి రుక్మాబాయి "సాలు, లే," అని తాను కూర్చుంది. పాదాలు నేలకు ఆనాయి. చేతులు ఊని ఒకసారి లేచింది, ఎవరూ పట్టకుండానే. మళ్లీ కూర్చుంది.

"లేవబుద్ధైత లేదు," అంది, ఎవరితోనూ కాదన్నట్టు.

అంతయ్య తన జీవితంలో అందుకున్న ప్రశంసా పత్రం అదొక్కటే. కాగితం మీద లేకపోయినా పోగొట్టుకోలేదు. ఆ ఏడాదిలో నదికి రెండు వైపులా మడిగట్టుకునే ప్రతి ఇంటి నుంచీ తులసాకు రంగు కుర్చీకి కబురు వచ్చింది. అంతయ్య గోదావరిలో మునిగిన మునకలు లెక్కేస్తే పుష్కరాలకు వచ్చే యాత్రికులు సిగ్గుపడాలి.

తర్వాత అచ్చు కుర్చీలు వచ్చాయి. తొంభై రెండు నాటికి మంచిర్యాలలో అంబదాస్ దుకాణం ముందు అవి ఒకదాంట్లో ఒకటి దూరి, మనిషెత్తు దొంతరలుగా నిలబడ్డాయి. సముద్రాల అవతలి నిపుణుల మునిమనవలు అన్నమాట. అంబదాస్ ఒకటి లాగి వేశాడు.

"కూసో అంతయ్యా, బిగిచ్చే పని లేదు. దబ్బుణం ఇంట్ల వెట్టి రా."

అంతయ్య తువ్వాలతో దులిపి, కూర్చుని, కుడికి ఎడమకు ఒరిగి, లేచాడు. గోతి పడిన ఆసనాన్ని చేత్తో తడిమాడు. "దీనికి కూసునుడు నేర్పే పనే లేదు," అన్నాడు న్యాయంగా. "పుట్టుకతోనే పిర్రల గుర్తు తోటి పుట్టింది. మంచి పనే. కానీ అంబదాసూ, ఇది ఎన్నేండ్లుంటది?"

"నీదెన్నేండ్లున్నది?"

"గడిల పద్నాలుగేండ్ల నుంచి ఉన్నది. దినాం మూడు గంటలు. గడి బరువంత మోసింది. ఏలంత గూడ దిగలే. రా, కొలుసుకో."

అంబదాస్ నమ్మలేదు. ఆదివారం ఇద్దరూ నది దాటారు. ఆ రోజు గడి వాకిట్లో కరీంనగర్ నుంచి వచ్చిన కంటి డాక్టర్లు శిబిరం పెట్టారు. ఊరంతా వరసలో ఉంది. రుక్మాబాయి తన కుర్చీని వరసలోకి తెప్పించుకుని దాంట్లో కూర్చుని ఉంది. అంతయ్యను చూసి లేచి నిలబడింది, ఎవరూ పట్టకుండా. అంబదాస్ చట్రం ఈ చివరి నుంచి ఆ చివరికి దారం బిగించి పట్టి, కిందికి వేలు పెట్టి చూశాడు. దారానికీ అల్లికకూ నడుమ గోరు కూడా దూరలేదు. ఇంకోవైపు పట్టి చూశాడు. అక్కడా అంతే. తులసాకు రంగు కొంచెం వెలిసింది, అంతే.

"మాన్ గయా, ఒప్పుకున్న," అన్నాడు అంబదాస్. వరసలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా ఇంకోసారి కూడా అన్నాడు. "నా దుకాణంల ఉన్న కుర్చీలన్నీ ఒకదిక్కు, గిదొక్కటి ఒకదిక్కు. కూసోని ఇచ్చిన కుర్చీ అంటె గిట్లుండాలె."

అంతయ్య తువ్వాల తీసి కుర్చీని ఒకసారి దులిపాడు.

ఆపరేషన్‌కు ముందు అందరినీ తూస్తున్నారు. వంతు రాగానే రుక్మాబాయి తూకం పలక ఎక్కింది. కాంపౌండరు ముల్లు చూసి, చీటీ మీద రాసుకుంటూ పైకి చదివాడు: రుక్మాబాయి, డెబ్బై ఆరేళ్లు, చీరతో కలిపి ముప్ఫై మూడు కిలోలు.